మామగారి స్వభావం

ఏప్రిల్ 2

కాలేజీలో సంతాప సభ. వెళ్ళనన్నాను. బావమరిది కారు తెచ్చి ఇంటి ముందు హారన్ కొడుతూ కూర్చున్నాడు. వెళ్ళక తప్పలేదు.

ప్రిన్సిపాల్ మాట్లాడాడు. "మేడమ్‌గారు స్వతహాగా ఓర్పు గల మనిషి. కోపమన్నది ఆమె స్వభావంలోనే లేదు." చప్పట్లు కొట్టబోయి కొందరు మధ్యలో చేతులు ఆపుకున్నారు.

స్వతహాగా ఓర్పట! పెళ్ళయిన కొత్తలో మూత సరిగ్గా పడటం లేదని కుక్కర్‌ని కిటికీలోంచి పెరట్లోకి విసిరిన మనిషి తను. ఆ ఓర్పు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. ఎప్పుడు కోపం వస్తోంది, వస్తే ఏం చేస్తున్నాను, చేశాక ఏం జరుగుతోంది అని పరాయి మనిషిని చూసినట్టు తనని తాను చూసుకుని, ఏళ్ళ తరబడి కూడబెట్టుకుంది. దాన్ని ఈయన ఒక్క మాటలో పుట్టుకకి కట్టబెట్టేశాడు. రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్న ఇంటిని లాటరీలో తగిలిందన్నట్టు.

తను ముప్పై ఏళ్ళు ఆ కాలేజీలో చెప్పింది బిహేవియరల్ సైకాలజీ. "స్వభావం అని రాయకండి, ఏం చేశాడో రాయండి" అనేది పిల్లలతో. ఆ కాలేజీలోనే, తన ఫోటో ముందే, ఒకరి తర్వాత ఒకరు లేచి తన స్వభావం గురించి మాట్లాడారు.

బయటికి వస్తుంటే ప్రతివాళ్ళూ నా చెయ్యి పట్టుకుని, "మీరు చాలా దిటవైన మనిషండీ" అన్నారు. ఏడవనందుకు మెచ్చుకోలు. థాంక్స్ అని చెప్పి వచ్చేశాను. లెక్కల మేడమ్, స్టాఫ్ రూమ్‌లో తన పక్క కుర్చీ ఆవిడ, "అన్నయ్యగారూ, ఒక్క నిమిషం, ఆ రోజు గురించి మీకు..." అంటూ మెట్ల దాకా వచ్చింది. పనుందన్నాను.

ఏప్రిల్ 3

మామగారు ఇంట్లో ఆయనకి తోడుగా పెట్టిన అటెండర్‌ని కొట్టారు. వీడు మూడోవాడు. చెంప తడుముకుంటూ సంచీ సర్దుకున్నాడు.

"మీ మొహం చూసి ఇన్నాళ్ళున్నాను సార్. ఆయన స్వభావమే అంత. మీరేం చెయ్యలేరు."

మళ్ళీ ఆ మాటే.

ఏప్రిల్ 5

బావమరిది వచ్చాడు. వరండాలోనే నిలబడ్డాడు. లోపలికి వస్తే వాళ్ళ నాన్న అడుగుతారు. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి.

"బావా, వృద్ధుల హోమ్ వాళ్ళతో మాట్లాడాను. శుభ్రంగా ఉంది. కింద అంతస్తులో గది ఖాళీ అయింది. ఎదురుగా తోట."

"తీసుకెళ్ళు."

"కాకపోతే ముందు వాళ్ళ కౌన్సెలర్ ఇంటికొచ్చి చూస్తాడట. మనిషి ఎలాంటివాడో రాసుకుంటాడు. చెయ్యి చేసుకునేవాళ్ళయితే కింద ఉంచరు."

"మరెక్కడ ఉంచుతారు?"

"పైన." అని చెప్పులతో నేల గీశాడు. "తలుపు బయటి నుంచి గడియ వేస్తారు. తిండీ అదీ బాగానే ఉంటుంది. కిందికి దింపరు, అంతే."



"నీకేం బావా, నువ్వు దిటవైనవాడివి. అక్క పోయాక ఆయన మొహం చూడటం నా వల్ల కావట్లేదు." కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తుకుని, ఏడ్చి, వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నిలబడి చూశాను. ఏడుపు అతనిది, చాకిరీ నాది.

ఈయన వాళ్ళ నాన్న. నాకు నాన్న కాదు. ఫిబ్రవరిలో పక్షవాతమొచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు తను రోజూ కాలేజీ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేది. తర్వాత ఆ బుధవారం. డాక్టర్ అన్నాడు, "ఇప్పుడప్పుడే ఆయనకి చెప్పకండి. కాస్త కోలుకోనివ్వండి." ట్రైనింగ్‌కి వేరే ఊరు వెళ్ళిందని చెప్పాం. ఇంటికి తెచ్చాం. మాట నెమ్మదించింది, ఎడమ కాలు ఈడుస్తారు. కుడి చెయ్యి భేషుగ్గా ఉంది. అందుకు ముగ్గురు అటెండర్లు సాక్ష్యం.

కోలుకున్నారు కూడా.

తీసుకెళ్తే తీసుకెళ్ళనీ. పైనో, కిందో.

ఏప్రిల్ 6

కొత్త ఆయా వచ్చింది. పెద్దావిడ. మాట్లాడుతున్నంతసేపూ గోడ గడియారం వంకే చూస్తుంది. మామగారు మొదటి రోజే ఆమెకి "గడియారం" అని పేరు పెట్టేశారు.

ప్రతివాళ్ళకీ చెప్పినట్టే ఈవిడకీ మొదట ఒకటే చెప్పాను. మందులు తర్వాత, స్నానం తర్వాత. "అమ్మాయి ఏదని అడుగుతారు. ట్రైనింగ్‌కి వెళ్ళింది, వచ్చేస్తుంది అనాలి. మర్చిపోకండి."

"ఎన్నాళ్ళు చెప్పాలి బాబూ?"

"నేను చెప్పేదాకా."

ఏప్రిల్ 8

తనకీ నాకూ ముప్పై ఏళ్ళు నడిచిన గొడవ ఒకటుంది.

నేను నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. దేని గుణం దానికి ఉంటుందని నా వాదన. మనుషులకి కూడా.

"నీళ్ళకి గుణం ఎక్కణ్ణించి వచ్చిందండీ? ఏ రాళ్ళ మీద నడిచాయో, ఏ పైపులో పడ్డాయో అదేగా?" అనేది.

"అయితే మనిషి లోపల ఏమీ లేదంటావు?"

"ఉంది. దానికి పేరు పెట్టడమే బయటివాళ్ళు నేర్పుతారు. చిన్నప్పుడు కింద పడితే మా నాన్న మోకాలు చూసి 'మండుతోందా?' అన్నారు. దాన్ని మంట అంటారని నాకప్పుడు తెలిసింది. ఎవరూ అడగకపోతే అదేమిటో నాకే తెలిసేది కాదు."

"నువ్వూ నేనూ అనేది కూడా అంతేనా?"

"అంతే. మనం చేసే పనులన్నిటికీ కలిపి తగిలించిన పేరు. పనులు మారితే పేరు కిందున్న మనిషి మారతాడు. మీరు మారలేదూ?"

మారాను. నా చేత తువ్వాలు తీగ మీద వేయించింది. వెయ్యని రోజు పల్లెత్తు మాట అనేది కాదు. వేసిన రోజు మాత్రం కాఫీ ఇస్తూ ఒక నవ్వు నవ్వేది. నాకు ఏళ్ళ తర్వాత తెలిసింది, అది కూడా తన విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "సార్, క్లాసులో చెప్పే తువ్వాలు ఉదాహరణ మీరేనా?" అంటే. వారం రోజులు మాట్లాడలేదు నేను. తువ్వాలు మాత్రం తీగ మీదే వేశాను.

ఈసారి నేను గెలుస్తాను. తన పద్ధతిలోనే గెలుస్తాను. మామగారు కోపం చేసిన ప్రతిసారీ ఇక్కడ రాస్తాను: ముందు ఏం జరిగింది, ఆయన ఏం చేశారు, తర్వాత ఏం జరిగింది. పద్ధతీ పాడూ ఏమీ కనపడదు. వాళ్ళ నాన్న పుట్టు కోపిష్టి. కౌన్సెలర్ వచ్చేలోపు తేలిపోతుంది.

ఏప్రిల్ 9

ముందు: గడియారం మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన ఏదో అడిగారు. ఆవిడ చెప్పింది.
పని: నీళ్ళ గ్లాసు గోడకేసి కొట్టారు.
తర్వాత: ఆవిడ వంటింట్లోకి పోయింది. గది నిశ్శబ్దం.

ఏం అడిగారో రాయక్కర్లేదు.

ఏప్రిల్ 10

ముందు: పక్కింటాయన పలకరించడానికి వచ్చాడు. వెళ్తూ, "మీ అమ్మాయి వచ్చేస్తుంది లెండి" అన్నాడు. నేను చెప్పమన్నదే.
పని: చేతికర్రతో ఆయన మోకాలి మీద కొట్టారు.
తర్వాత: క్షమించమన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. నేనూ ల్యాబ్‌కి వెళ్ళిపోయాను. ఇవాళ ఆదివారమని అక్కడికి వెళ్ళాక తెలిసింది. వాచ్‌మన్ తాళం తీసి, ఏం అడక్కుండా ఊరుకున్నాడు. సీసాలు కడిగాను. అన్నీ కడిగినవే.

ఏప్రిల్ 12

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కొడుతున్నారని చెప్పాను. ఆయన మామగారి వంక చూడకుండా నాతో, "స్ట్రోక్ తర్వాత పర్సనాలిటీ మారిపోతుందండీ. మనిషి పాత మనిషి కాడు. అలవాటు పడాలి" అన్నాడు. బయట పాతికమంది ఉన్నారు. ఒక బిళ్ళ ఎక్కువ రాశాడు.

పర్సనాలిటీ మారిందట. బస్సు మారినట్టు.

మామగారు ఆటోలో, "ఆయన... నన్నెందుకు అడగలేదు?" అన్నారు.

"ఏమని?"

"ఎందుకు కొడుతున్నావని."

"ఎందుకు కొడుతున్నారు?"

మొహం తిప్పుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్ 14

ఇవాళ నన్నే.

మామగారు రిటైరవక ముందు కోర్టులో బెంచి గుమాస్తా. సాక్షుల చేత ప్రమాణం చేయించేవారు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది కానీ ప్రశ్న వెయ్యడం మర్చిపోలేదు. భోజనాల దగ్గర మొదలుపెట్టారు.

"ఏం ట్రైనింగ్?"

"కాలేజీ వాళ్ళది మామయ్యగారూ. కొత్త సిలబస్."

"రిటైరయ్యే ముందా?"

"అందరికీ తప్పదట."

"ఫోన్ లేదా అక్కడ?"

"ఉంది. నిన్న మాట్లాడింది."

"నాతో... ఎందుకు మాట్లాడలేదు?"

"మీరు నిద్రపోతున్నారు. లేపొద్దంది. మందులు వేసుకుంటున్నారా అని అడిగింది."

ఎంత బాగా చెప్పాను! గొంతు కూడా వణకలేదు. తనే నిజంగా అడిగినట్టు నాకే అనిపించింది. ఒక్క క్షణం హాయిగా ఉంది.

కంచం నా ఛాతీకి తగిలింది. చొక్కా అంతా అన్నం. గడియారం అరిచింది. నేను లేచి, చొక్కా మార్చుకుని, వీధిలోకి వెళ్ళిపోయాను. బస్టాండు దాకా నడిచాను. బస్సులు చూస్తూ నిలబడ్డాను. ఎక్కడికి వెళ్ళాలని కండక్టర్ అడిగితే ఎక్కడికీ కాదన్నాను.

ఆయనకి అంత చేస్తున్నాను. ఎంగిలి ఎత్తుతున్నాను. కంచం పెట్టి కొడతారా?

పైకే పంపిస్తాను. గడియ వెయ్యనీ.

ఏప్రిల్ 15

ల్యాబ్‌లో కొత్తగా చేరిన కెమిస్టు, "సార్, మేడమ్‌గారు మా అక్కకి పాఠం చెప్పారు" అని మొదలుపెట్టింది. తూర్పు ట్యాంకు శాంపిల్ తేవాలని లేచి వెళ్ళాను. ఆ శాంపిల్ పొద్దున్నే వచ్చి నా బల్ల మీదే ఉంది. ఆ అమ్మాయి కూడా చూసింది.

ఏప్రిల్ 18

రాసినవన్నీ ఒకచోట పెట్టి చూశాను. తను ఉంటే చేతులు కట్టుకుని, ఏమీ మాట్లాడకుండా నా వంకే చూస్తూ నిలబడేది.

గెలవలేదు నేను.

స్నానం దగ్గర కోపం లేదు. సూది మందు దగ్గర లేదు. కరెంటు పోతే లేదు, కూరలో ఉప్పు ఎక్కువైతే విసుగే తప్ప కోపం లేదు. పుట్టు కోపిష్టి అయితే ఇవన్నీ ఎలా దాటారు? కోపమంతా ఒక్కచోటే. ఆయన నెమ్మదిగా అడుగుతారు. మేం అబద్ధం చెప్తాం. ఇంకా నెమ్మదిగా అడుగుతారు. ఇంకో అబద్ధం చెప్తాం. ఏదో ఒకటి విసురుతారు. అబద్ధం ఆగిపోతుంది. చెప్పేవాడు గదిలోంచి పోతాడు.

నెమ్మదిగా అడిగితే ఏమీ దొరకదు. విసిరితే కనీసం నోళ్ళు మూతపడతాయి. ఎవడైనా ఏం నేర్చుకుంటాడు?

ఆయన స్వభావమూ కాదు, స్ట్రోకూ కాదు. నేర్పింది మేం. కాదు, నేను. అటెండర్లకి, ఆయాకి, పక్కింటివాళ్ళకి, బావమరిదికి పాఠం వల్లె వేయించింది నేను.

ఇది రాస్తుంటే కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. తన మీద కావచ్చు. ఇంత పద్ధతి నేర్పి, అన్నీ మధ్యలో వదిలేసి.

ఏప్రిల్ 19

అయినా చెప్పడానికి లేదు. ఆయన ఆరోగ్యం ముఖ్యం. డాక్టర్ వద్దన్నాడు.

ఏప్రిల్ 20

డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఇంకా చెప్పకూడదు కదా అని ఖాయపరచుకుందామని.

"ఏది చెప్పకూడదు?"

"మా ఆవిడ సంగతి. మామగారికి."

"ఇంకా చెప్పలేదా?" అన్నాడు. "ఆస్పత్రిలో ఉన్నంతవరకే అన్నాను కదండీ. ఇంటికెళ్ళగానే మీరు నెమ్మదిగా చెప్పేసి ఉంటారనుకున్నాను. ఇన్నాళ్ళా?"

"మీరు స్పష్టంగా చెప్పాలి" అని అరిచాను. "రోగి ఇంటివాళ్ళకి ఏది ఎప్పటిదాకానో స్పష్టంగా చెప్పాలి. బాధ్యత లేదా మీకు?" ఫోన్ పెట్టేశాను.

ఈ డాక్టర్లంతా ఇంతే.

డాక్టర్ వద్దన్నాడని రాయడానికి ఇక లేదు.

ఏప్రిల్ 21

చెప్పలేదు.

ఏప్రిల్ 22

ముందు: ఎవరో తన పేరు ఎత్తుతారు.
పని: నేను లేచి వెళ్ళిపోతాను.
తర్వాత: గుండె కుదుటపడుతుంది. అంచేత ఈసారి ఇంకా తొందరగా లేస్తాను.

దీనికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు దిటవు.

ఏప్రిల్ 24

రేపు కౌన్సెలర్ వస్తాడు. బావమరిది ఫోన్. "నాన్నకి పొద్దున్నే నిద్ర బిళ్ళ వేసెయ్ బావా. మగతగా ఉంటే చెయ్యెత్తరు. కింద గది దొరికితే చాలు మనకి."

వెయ్యనన్నాను.

"మరి పైకి పంపిస్తావా?"

ఫోన్ పెట్టేశాను. పది రోజుల కింద అయితే పంపిస్తాననే వాణ్ణి. ఆయన పైకి వెళ్తే, అది నేను నేర్పిన పాఠానికి ఆయనకి పడిన శిక్ష.

ఏప్రిల్ 25

రాస్తాను. ఉన్నది ఉన్నట్టు.

కౌన్సెలర్‌కి ముప్పై అయిదు ఉంటాయి. మర్యాదస్థుడు. ముందు గదిలో కూర్చున్నాం: మామగారు పడక కుర్చీలో, బావమరిది, నేను. గడియారం గుమ్మంలో నిలబడింది.

"పెద్దాయన ముందునించీ కోపిష్టేనా సార్?" అని నన్నడిగాడు.

"ఎవరితో?"

"మామూలుగా అండీ. స్వభావరీత్యా."

"ఎవరితో, ఎప్పుడు అని అడగండి, చెప్తాను."

"అన్నీ రాయడానికి చోటుండదు సార్. ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె చెప్పండి, చాలు."

నాకు తల తిరిగిపోయింది. "నేను నీళ్ళు పరీక్షిస్తానండీ. ఏ తుప్పు పట్టిన కుళాయో తిప్పి, మొదట వచ్చిన నీళ్ళు ఒక్క సీసా పట్టి, ఊరి నీళ్ళన్నీ చెడ్డవని రాశానంటే నా ఉద్యోగం ఊడుతుంది. మీకు ఆ భయం లేదా? ఒక మనిషికి బయటి నుంచి గడియ వెయ్యాలో వద్దో ఒక అంకెతో తేల్చేస్తారా?"

"బావా, ఆయన పని ఆయన్ని చెయ్యనీ" అన్నాడు బావమరిది.

"నీ పని కూడా ఆయనే చేస్తున్నాడు. కూర్చో."

కౌన్సెలర్ కోపం తెచ్చుకోలేదు. మామగారి వైపు తిరిగాడు. అది మాత్రం మెచ్చుకోవాలి. డాక్టర్ చెయ్యని పని.

"ఈ ఇంట్లో ఎవరెవరుంటారు పెద్దయ్యగారూ?"

"నేను. మా అల్లుడు. మా... అమ్మాయి."

"అమ్మాయిగారు ఎక్కడున్నారు?"

మామగారు నా వంక చూశారు. కొడుకు వంక చూశారు. మాట మాట విడదీసి, "వాళ్ళని... అడగండి" అన్నారు.

"ట్రైనింగ్‌లో ఉంది నాన్నా. ఎన్నిసార్లు చెప్పాను? వచ్చేవారం వచ్చేస్తుంది" అన్నాడు బావమరిది. నవ్వు మొహం పెట్టి మరీ.

మామగారి చెయ్యి పక్కన స్టూలు మీది గాజు గ్లాసు మీదికి పోయింది. గడియారం వెనక్కి జరిగింది. కౌన్సెలర్ పెన్ను తెరిచాడు.

నేను లేచాను. అలవాటు. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. గడియారం అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ పక్కకి తప్పుకుని ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. వెనక్కి తిరిగాను.

"చనిపోయింది మామయ్యగారూ."

ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. ఎవరితోనూ అనలేదు. ఇందులో కూడా రాయలేదు. ఇందాక వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

గ్లాసు ఆయన చేతిలోనే ఉంది.

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

"ఎలా?"

"తలలో రక్తనాళం చిట్లింది. కాలేజీలో, స్టాఫ్ రూమ్‌లో. కుర్చీలోనే."

"నువ్వున్నావా?"

"లేను. నేను వెళ్ళేసరికి అయిపోయింది."

గ్లాసు నోటి దగ్గరికి తీసుకున్నారు. కొన్ని నీళ్ళు తాగారు. కొన్ని గడ్డం మీంచి చొక్కా మీదికి కారాయి. గ్లాసు స్టూలు మీద పెట్టారు. సరిగ్గా అంచు మీద పెట్టారు. గడియారం పరుగున వచ్చి లోపలికి జరిపింది.

"ఇన్నాళ్ళూ..." అన్నారు. మాట గట్టిగానే వచ్చింది. "నన్ను మనిషి కింద లెక్కెయ్యలేదు మీరు. అందరూ కలిసి. పిచ్చివాణ్ణి చేసి... ఆడించారు. నా కూతురు. నాకు చెప్పరా? మీరెవరయ్యా... దాచడానికి?"

బావమరిది రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆయన పట్టించుకోలేదు. నా వంకే చూశారు.

"నువ్వు. ఫోన్ చేసిందన్నావు."

"అన్నాను."

"ఛీ."

కౌన్సెలర్ కాగితాలు సర్దుకుని, "నేను ఇంకో రోజు వస్తాను సార్" అన్నాడు.

"వద్దు. రాసుకునే వెళ్ళండి. గ్లాసు చేతిలో ఉంది, విసరలేదు అని రాసుకోండి."

ఏప్రిల్ 27

మామగారు నాతో మాట్లాడటం లేదు. గడియారంతో చెప్పించుకుంటారు. "ఆయన్ని పేపర్ ఇమ్మను." నేను పక్కనే ఉంటాను. ఇస్తాను.

పొద్దున ఏడ్చారు. నేను గదిలో ఉండిపోయాను. లేవకుండా ఉండటం ఎంత కష్టమో! ఎవరో జబ్బ పట్టి పైకి లాగుతున్నట్టుంది. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 29

హోమ్ నుంచి ఫోన్. కింద గది ఇస్తారట. బావమరిది ఎగిరి గంతేశాడు.

"ఆయన్ని అడుగుతాను" అన్నాను.

"అడిగేదేంటి బావా? నువ్వేగా తీసుకెళ్ళమన్నావు?"

"అన్నాను. ఇప్పుడు అడుగుతాను."

వెళ్ళి అడిగాను. హోమ్‌లో గది ఉంది, తోట ఉంది, వెళ్తారా అని. ఇన్ని రోజుల్లో ఇది ఆయన్ని అడిగినవాడు లేడు.

"నువ్వూ వస్తావా?"

"నేనెందుకు?"

"నీకు మాత్రం... ఎవరున్నారు?"

నాతో మాట్లాడారు. అదొకటి.

బావమరిదికి ఫోన్ చేసి వద్దని చెప్పాను. "రేపు మళ్ళీ కొడితే?" అన్నాడు. కొడితే ముందు ఏం జరిగిందో చూస్తానన్నాను. అక్కలాగే మాట్లాడుతున్నావని విసుక్కున్నాడు.

మే 1

మళ్ళీ అడిగారు. ఒక్కోసారి మర్చిపోతారో, మరోసారి వినాలనుకుంటారో తెలియదు. "అమ్మాయి..."

"చనిపోయింది మామయ్యగారూ."

"స్టాఫ్ రూమ్‌లో."

"అవును."

తలూపారు. ఏదీ విసరలేదు. సాయంత్రం మాత్రం గంజి కాలిందని గడియారం మీదికి చెంచా విసిరారు. ఆవిడ దాన్ని గాల్లోనే పట్టుకుంది. "ఇది నా తప్పే బాబూ, రాసుకోకండి" అంది.

మే 4

మామగారు స్టాఫ్ రూమ్ చూస్తానన్నారు. నేను ఆ బుధవారం తర్వాత అందులో అడుగు పెట్టలేదు. ఆయన ఒంట్లో బాగాలేదని, మెట్లున్నాయని, సెలవులని చెప్పి చూశాను. కర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు.

తీసుకెళ్ళాను. లెక్కల మేడమ్‌కి ముందే ఫోన్ చేశాను. సెలవులైనా వచ్చింది. మామగారిని కూతురి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఆ కుర్చీ పక్కన, తలుపుకి దగ్గరగా నిలబడ్డాను.

"ఆ రోజు ఏం జరిగింది? మొదట్నించీ... చెప్పమ్మా" అన్నారు.

ఆవిడ నా వంక చూసింది. నేను కిటికీ చూశాను.

"పేపర్లు దిద్దుతున్నాం బాబాయిగారూ. నేనిక్కడ, తనక్కడ. తను తిడుతోంది."

"ఎవర్ని?"

"ఫ్యాన్‌ని. పేపర్లన్నీ ఎగరగొడుతోందని. తగ్గిస్తే ఆగిపోతుంది, పెంచితే విమానం. లేచి వెళ్ళి స్విచ్ మీద ఒక్కటిచ్చింది. 'నీ అంత మొండిదాన్ని నేను చూళ్ళేదే. ముప్పై ఏళ్ళ చదువు నీ ముందు దండగైపోయిందే' అంది. ఇద్దరం పడి పడి నవ్వాం."

మామగారు నవ్వారు. నోరు ఒక పక్కకే పోయింది కానీ నవ్వే. భుజాలు కదిలేంత నవ్వు. "పొత్తిళ్ళలోనే... పిడికిళ్ళు బిగించేది. పుట్టుకే అంత. దాని స్వభావం."

కాదు అనబోయాను. తన తరఫున, తను చెప్పినట్టే చెప్పబోయాను. ఎవరితో, ఎప్పుడు, ముందు ఏం జరిగింది అని. నోరు తెరిచాను. మాట రాలేదు. వేరే ఏదో వచ్చింది. అలాంటి శబ్దం నాలోంచి వస్తుందని నాకు తెలియదు. లెక్కల మేడమ్ లేచి నిలబడింది.

తలుపు వైపు తిరిగాను. అప్పటికే మామగారి చెయ్యి నా చొక్కా అంచు పట్టుకుంది. ఆ చేతికి ఎంత బలముందో నాకు తెలుసు.

"ఎక్కడికి? ఇంకా... అవలేదు. కూర్చో."

లెక్కల మేడమ్ తాను లేచిన కుర్చీ నావైపు జరిపింది. కూర్చున్నాను. మామగారు చొక్కా వదల్లేదు.

"నవ్వారు. తర్వాత?" అన్నారు.

ఆవిడ చెప్పింది. మొత్తం విన్నాను.